సాఫ్ట్‌వేర్ కొన్నాం, మీటింగులు పెడుతున్నాం, అయినా ఎవరికి వారే యమునా తీరే. ఆఫీసు, సైటు కలిసి పనిచేసే అలవాటు ఎలా తేవాలి?

కృష్ణలంక_ప్లానర్:

నమస్కారం. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి మీకు తెలిసింది చెప్పండి.

విజయవాడలో ఒక బిల్డింగ్ కాంట్రాక్టు కంపెనీలో ప్లానింగ్ చూస్తున్నాను, చేరి 14 నెలలైంది. హెడ్డాఫీసు, సైట్లు కలిపి స్టాఫ్ 120 మంది దాకా ఉంటాం, మేస్త్రీలు, లేబర్ వేరే. మంగళగిరి, గన్నవరం, గుంటూరులో సైట్లు నడుస్తున్నాయి. పోయినేడాది మా ఎండీ గారు బాగా ఖర్చుపెట్టి ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. అందరికీ లాగిన్లు ఇచ్చాం, రెండు రోజులు ట్రైనింగ్ కూడా పెట్టాం. ఇప్పుడు జరుగుతున్నది ఏంటంటే సైట్ వాళ్లు శనివారం సాయంత్రం కూర్చుని వారం మొత్తానికి శాతాలు ఒకేసారి ఎక్కించేస్తున్నారు, సోమవారం రివ్యూలో నేను అవే స్క్రీన్ మీద చూపిస్తున్నాను, వాటిని ఎక్కించినవాళ్లూ నమ్మరు, చూపిస్తున్న నేనూ నమ్మను.

గత నెల జరిగింది చెప్తాను. ఒక సైట్లో మొదటి అంతస్తు స్లాబ్ పోశాం. డక్టు (పైపులు పైకీ కిందకీ పోయే సందు) చోటు రెండడుగులు జరిగిందని, దానికి తగ్గట్టు బాత్‌రూమ్ పైపుల స్లీవులు (పైపులు దూరడానికి స్లాబులో ముందే పెట్టే గొట్టాలు) మార్చాలని ప్లంబింగ్ కన్సల్టెంట్ తొమ్మిది రోజుల ముందే కొత్త డ్రాయింగ్ పంపాడు. అది హెడ్డాఫీసులో డిజైన్ చూసే అబ్బాయికి మెయిల్లో వచ్చింది, అతను సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్‌లో పెట్టాడు. సైట్లో గోడకి అంటించిన ప్రింటు మాత్రం పాతదే. సెంట్రింగ్ విప్పాక చూస్తే 11 స్లీవులు తప్పు చోట ఉన్నాయి. ఇక కోర్ కటింగ్ (గట్టిపడ్డ కాంక్రీటుకి మెషీన్‌తో రంధ్రాలు చేయడం), ఎక్కడ రాడ్ తెగుతుందోనని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గరికి తిరగడం, మొత్తం 12 రోజులు పోయాయి.

ఆ సోమవారం మీటింగ్ నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. "నేను మెయిల్ పెట్టాను సర్, ఇదిగో తేదీ" అని ఒకరు, "నేను అదే రోజు అప్‌లోడ్ చేశాను" అని ఇంకొకరు, "నాకు ప్రింటు రాలేదు" అని సైట్ ఇంజినీరు. ముగ్గురూ చెప్పింది నిజమే. తిలాపాపం తలా పిడికెడు అంటారు, అక్కడ ఆ పిడికెడు తీసుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు.

నాకు నిద్ర పట్టకుండా చేసింది అది కాదు. రెండు రోజుల తర్వాత సైట్‌కి వెళ్తే ప్లంబింగ్ మేస్త్రీ నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. "సార్, కన్సల్టెంట్ మనిషి సైట్‌కొచ్చినప్పుడు డక్టు జరిగిందన్నాడు కదా, ఈ ప్రింటులో అలా లేదేంటి, ఒకసారి కనుక్కోండి అని ముందు రోజు సాయంత్రమే సూపర్‌వైజర్‌తో అన్నాను. తెల్లారితే కాంక్రీటు, ఇప్పుడెవర్ని అడుగుతాం, ఉన్నదాని ప్రకారం పెట్టెయ్ అన్నాడు." అంటే తప్పు జరగబోతోందని మా సైట్లో ఒక మనిషికి తెలుసు. అతను చెప్పాడు కూడా. ఆ మాట పది గజాలు దాటి పైకి రాలేదు.

మా ఎండీ గారు మంచి మనిషే, కానీ "మనవాళ్ల మెంటాలిటీ ఇంతే, గట్టిగా ఉంటేనే పని" అంటారు. నిజంగా అంతేనా? ఈ కల్చర్ మారిన చోట మీలో ఎవరైనా పనిచేశారా? మొదటి అడుగు ఎక్కడ వేశారు, సాఫ్ట్‌వేర్‌తోనా, మీటింగులతోనా, మనుషులతోనా?

కోకాపేట_సైట్:

అన్నా, ముందు ఒక ప్రశ్న. ఆ ప్లంబింగ్ మేస్త్రీ మీ సోమవారం మీటింగులో ఎప్పుడైనా కూర్చున్నాడా? కూర్చోడు. మీ సమస్యకి సగం జవాబు అక్కడే ఉంది.

లాస్ట్ ప్లానర్ అనే పద్ధతి గురించి చదవండి. అమెరికాలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990ల్లో తయారుచేశారు, 1997లో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టిందీ వాళ్లే. సైట్లలో వారం ప్లాన్లు లెక్క తీస్తే, ఈ వారం చేస్తామని రాసుకున్న పనుల్లో ఆ వారంలో పూర్తవుతున్నవి దాదాపు సగమేనని వాళ్లకి తేలింది. మనకే కాదు, అక్కడా అంతే. లాస్ట్ ప్లానర్ అంటే ప్లానింగ్ వరసలో ఆఖరి మనిషి, అంటే రేపు పొద్దున ఎవరు ఎక్కడ ఏ పని మొదలుపెట్టాలో చెప్పేవాడు. మన దగ్గర అది మేస్త్రీ, ఫోర్‌మన్, సైట్ ఇంజినీరు. పని చేసేవాడే మాట ఇవ్వాలి, హెడ్డాఫీసు అతని తరఫున మాట ఇవ్వకూడదు. పద్ధతికి ప్రాణం అదే.

మేం ఎలా చేశామో చెప్తాను. సైట్ ఆఫీసు గోడకి చార్టు అంటించి ఒక్కో పనివాళ్లకి ఒక్కో రంగు చీటీలు ఇచ్చాం. సెంట్రింగ్‌కి పసుపు, రాడ్ బెండింగ్‌కి నీలం, ఎలక్ట్రికల్‌కి ఆకుపచ్చ. స్లాబ్ తేదీ చివర్లో పెట్టి అక్కడి నుంచి వెనక్కి వచ్చాం, నీ పని మొదలవ్వాలంటే నీకు ముందు ఏం అయిపోయి ఉండాలి అని ఒక్కొక్కరినీ అడుగుతూ. మొదటి రోజే ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ లేచి "కింది రాడ్ల జాలీ కట్టాక, పై జాలీ కట్టకముందు నాకు ఒక్కరోజు వదలండి, లేకపోతే పై రాడ్ల సందుల్లోంచి పైపులు దూర్చలేక చస్తున్నాం" అన్నాడు. రాడ్ బెండింగ్ మేస్త్రీ అతని వైపు తిరిగి "ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదేంటి, అటు సగం నుంచి కట్టుకుంటూ వస్తే నీకు ఒకరోజు దొరుకుతుంది" అన్నాడు. ఇద్దరూ ఒకే బిల్డింగులో ఏడాదిన్నరగా పనిచేస్తున్నారు. ఆ ఒక్క మాటకి ప్రతి స్లాబులో ఒక రోజు మిగిలింది.

తర్వాత ప్రతి బుధవారం వచ్చే ఆరు వారాల పనులు చూసుకుంటాం. ఒక్కో పనికి డ్రాయింగ్ ఉందా, మెటీరియల్ వచ్చిందా, మనుషులున్నారా, ముందు పని అయిందా, పర్మిషన్ ఉందా అని చూసి, ఏది అడ్డంగా ఉంటే దాన్ని తొలగించే బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగిస్తాం. మీ స్లీవుల డ్రాయింగ్ ఈ వరసలో ఎక్కడో ఒకచోట కచ్చితంగా దొరికేది. శనివారం లెక్క చాలా సింపుల్, ఇచ్చిన మాటల్లో ఎన్ని పూర్తయ్యాయి. 70 శాతం అయిన పని సున్నా కిందే లెక్క. కానివాటికి కారణం రాస్తాం, మనిషి పేరు రాయం.

ఒక్క జాగ్రత్త. ఆ శాతాన్ని ఇంక్రిమెంటుకి మాత్రం ముడిపెట్టకండి. నేను ఇదివరకు చేసిన చోట ఆ పని చేశారు. రెండు నెలల్లో అంకె 95కి పోయింది, ఎందుకంటే ఖాయంగా అయ్యే చిన్న చిన్న పనులకే అందరూ మాట ఇవ్వడం మొదలుపెట్టారు, స్లాబ్ మాత్రం మూడు వారాలు లేటు.

సైట్_ఇంజినీర్_4ఏళ్లు:

శనివారం శాతాలు ఎక్కించేది నాలాంటివాళ్లే కాబట్టి మా వైపు నుంచి చెప్తాను, ఎవరూ వేరేగా అనుకోవద్దు.

నా మొదటి కంపెనీలో షట్టరింగ్ (సెంట్రింగ్ పనే) 55 శాతం అయితే డీపీఆర్‌లో, అంటే రోజువారీ పని రిపోర్టులో, 55 అనే రాశాను. మర్నాడు 60 మంది ఉన్న గ్రూపులో పెద్దాయన నుంచి వాయిస్ మెసేజ్, నా పేరు పెట్టి, చేతకాకపోతే ఇంటికి వెళ్లొచ్చు అని. మా మేస్త్రీలు కూడా అది విన్నారు. ప్లైవుడ్ షీట్లు రాక రెండు రోజులు ఖాళీగా కూర్చున్నామని, వాటి కోసం నేను మూడుసార్లు ఇండెంట్ (మెటీరియల్ కావాలని రాసే కాగితం) పెట్టానని చెప్పడానికి నాకు అవకాశమే లేదు. పక్క టవర్ వాడు 80 రాశాడు, వాడిది నా కంటే తక్కువే అయింది, వాడినెవరూ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నేను కూడా 80 రాయడం నేర్చుకున్నాను, తర్వాత రాత్రిళ్లు పని చేయించి ఆ అంకెని అందుకోవడానికి పరుగులు, ఇంట్లో ఫోన్ ఎత్తడానికి కూడా టైమ్ ఉండేది కాదు, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

మీ సూపర్‌వైజర్ "ఇప్పుడెవర్ని అడుగుతాం" అన్నాడు చూడండి, ఆ మాట నాకు బాగా అర్థమైంది. పోయడం ఆపితే రెడీమిక్స్ బండ్లు తిరిగిపోతాయి, పంపు అద్దె పోతుంది, ఆపినవాడిగా అతని పేరు మిగులుతుంది. పోసేస్తే అది డ్రాయింగ్ తప్పు. అతను రెండోదే ఎంచుకున్నాడు. నేనైనా అప్పట్లో అదే చేసేవాడినేమో.

ఇప్పుడున్న ప్రాజెక్ట్ మేనేజర్ దగ్గర తేడా ఒక్కటే. పని ఆగిందని ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట "నీకేం కావాలి?" అని. ఎందుకాగింది, ఎవరి వల్ల అన్నవి తర్వాత. నాకు ఆ ఒక్క మాట చాలు, నిజం చెప్పడానికి భయం వేయదు.

డాలస్_నుంచి_తెలుగోడు:

నాది ఐటీ, సైట్ పని తెలియదు. కానీ మా దగ్గరా రోగం ఇదే. రోజూ పొద్దున 15 నిమిషాల స్టాండప్ ఉంటుంది, అది టీమ్‌లో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఆ రోజు పని సర్దుకోవడానికి. చాలా చోట్ల అందరూ మేనేజర్ మొహం చూస్తూ నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను అని అప్పజెప్తారు. మా పాత మేనేజర్ ఒకావిడ కావాలనే నెల రోజులు స్టాండప్‌కి రావడం మానేశారు. మొదటి వారం అంతా గందరగోళం, రెండో వారానికి టెస్టింగ్ వాళ్లు డెవలపర్లని నేరుగా అడగడం మొదలుపెట్టారు.

సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కూర్చుని రాసిన ఎజైల్ మ్యానిఫెస్టోలో చెప్పిన మొదటి విలువే పద్ధతులు, పనిముట్ల కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటా మంతీ ముఖ్యం అని. అయితే దీన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ పక్కన పడేయకండి, అక్కడ నేను గోడ మీద చీటీలే చాలనేవాళ్లతో ఏకీభవించను. చీటీ ఆ సైట్లో ఉన్నవాడికే కనిపిస్తుంది. మీ కేసులో నిర్ణయం మెయిల్లో ఒకచోట, ఫోల్డర్‌లో ఒకచోట, గోడ మీద ఒకచోట ఉంది. ఏది లేటెస్ట్ అనే ప్రశ్నకి ఒకే చోట జవాబు దొరకాలి, పాత ప్రింటు చింపేసే బాధ్యత ఒకరికి ఉండాలి. వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టుకోండి, నిర్ణయాలు మాత్రం అందులో తీసుకోవద్దు, నాలుగు గుడ్‌మార్నింగ్‌లు పడితే ఆ మెసేజ్ ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

కృష్ణలంక_ప్లానర్:

అందరికీ థాంక్స్. సైట్ ఇంజినీర్ తమ్ముడూ, నీ మాటలు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ సోమవారం మీటింగులో శాతాలు స్క్రీన్ మీద వేసి "గన్నవరం ఎందుకు తగ్గింది" అని అందరి ముందు అడిగేది నేనే. కోపంగా అడగను, కానీ అవతల కూర్చున్నవాళ్లకి తేడా ఏముంటుంది.

చీటీల పద్ధతి ఒక సైట్లో మొదలుపెడదామనుకుంటున్నాను. ఎండీ గారిని ఎలా ఒప్పించాలో తెలియడం లేదు. "ఇదే మనుషులతో ఇవన్నీ కుదరవు" అంటున్నారు.

గాజువాక_రిటైర్డ్:

బాబూ, నేను విశాఖలో ఫ్యాక్టరీ షట్‌డౌన్ పనుల్లో (ఫ్యాక్టరీ ఆపి చేసే రిపేర్లు) ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మీ ఎండీ గారు అంటున్న మాట నేనూ చాలాసార్లు విన్నాను, కొన్నాళ్లు అన్నాను కూడా. ఆయనకి నమ్మీ కథ చెప్పు.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో జనరల్ మోటార్స్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ ఉండేది. కార్మికుల గైర్హాజరు 20 శాతం దాకా పోయేది, యాజమాన్యానికీ యూనియన్‌కీ నిత్యం తగువే. 1982లో మూసేశారు. తర్వాత టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే ఫ్యాక్టరీని నమ్మీ పేరుతో మళ్లీ తెరిచాయి, 1984 చివర్లో కార్లు బయటికి వచ్చాయి. పనిలోకి తీసుకున్నది ఎక్కువ మంది ఆ పాత కార్మికుల్నే. అదే యూనియన్, అవే గోడలు. కొన్ని వందల మందిని జపాన్ పంపి అక్కడి లైన్ మీద పని చేయించి తీసుకొచ్చారు. గైర్హాజరు 2 శాతానికి దిగింది, కార్ల నాణ్యత జపాన్లో తయారైనవాటికి దగ్గరగా వచ్చింది. మనుషులు మారలేదు బాబూ. వాళ్లతో పని చేయించే తీరు మారింది.

అక్కడ లైన్ పొడుగునా తాడు ఉండేది, అండాన్ అనేవాళ్లు. తేడా కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగే వీలుండేది. లాగగానే టీమ్ లీడర్ పరుగెత్తుకొచ్చి సాయం పడేవాడు, అప్పటికీ తేలకపోతే లైన్ ఆగేది. పాత రోజుల్లో లైన్ ఆపితే ఉద్యోగం పోయేది. మీ ప్లంబింగ్ మేస్త్రీ చేతిలో లేనిది ఆ తాడే. అది మీ ఎండీ గారు మాత్రమే ఇవ్వగలరు, నువ్వు ఇవ్వలేవు.

ఇంకోటి, మన పక్కనే జరిగింది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి వదిలిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారు. ఆ రోజు విలేకరుల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది మాత్రం ఇస్రో చైర్మన్ సతీశ్ ధవన్ గారు. మరుసటేడు జులై 18న రాకెట్ విజయవంతమైనప్పుడు విలేకరులతో మాట్లాడమని కలాం గారిని పంపారు. కలాం గారు ఈ సంగతి జీవితాంతం చెప్తూనే ఉన్నారు. ధవన్ గారు ఆ 1979లో నలుగురిలో వేలెత్తి చూపి ఉంటే, తర్వాతి ప్రయోగానికి ముందు ఏ ఇంజినీరైనా తన దగ్గర కనిపించిన లోపాన్ని నోరు తెరిచి చెప్పేవాడా? మీ ఎండీ గారిని ఇదొక్కటి అడుగు.

మా షట్‌డౌన్లలో రోజూ సాయంత్రం ఆరింటికి మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్, సేఫ్టీ, కాంట్రాక్టర్లు అందరూ ఒకే గదిలో కూర్చునేవాళ్లం. కుర్చీలు తక్కువుండేవి, సగం మంది నిలబడేవాళ్లు. అరగంటలో అయిపోయేది. పర్మిట్ కాగితం (పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి) ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోతోందో మనిషిని చూస్తూ చెప్పుకునేవాళ్లం. మీ డ్రాయింగ్ చేతికి అందిందా లేదా అని ఎవరూ చూసుకోలేదు, పంపడంతోనే అందరి పని అయిపోయింది. తీసుకున్నవాడు "అందింది, పాతది చింపాను" అనేదాకా పంపినవాడి పని పూర్తి కానట్టే లెక్క పెట్టండి.

కృష్ణలంక_ప్లానర్ (ఏడు వారాల తర్వాత):

మళ్లీ వచ్చాను, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంగళగిరి సైట్లో మొదలుపెట్టాం. ఎండీ గారికి నమ్మీ, శ్రీహరికోట సంగతులు రెండూ చెప్పాను, ఆయన చాలాసేపు మాట్లాడకుండా "మూడు నెలలు చూద్దాం" అన్నారు. సోమవారం స్క్రీన్ మీద శాతాలు వేయడం మానేశాను. బుధవారం సైట్లోనే కూర్చుంటున్నాం, మేస్త్రీలు కూడా వస్తున్నారు. ఒడిశా నుంచి వచ్చిన రాడ్ బెండింగ్ మేస్త్రీకి తెలుగు చదవడం రాదు, అతను చీటీ మీద బొమ్మ గీస్తాడు, అందరికీ అర్థమవుతోంది. మొదటి వారం ఇచ్చిన మాటల్లో 41 శాతం పూర్తయ్యాయి, పోయిన వారం 58. కారణాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చింది మెటీరియల్, రెండోది డ్రాయింగ్. లేబర్ సరిగా పనిచేయడం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాం, అది నాలుగో స్థానంలో ఉంది.

నాలుగో వారం దెబ్బతిన్నాం. ఎండీ గారు అనుకోకుండా వచ్చి, ఎలక్ట్రికల్ వాళ్ల చీటీలు మూడు తిరగబడి ఉండటం (పూర్తికాని పని చీటీని తిప్పి పెడతాం) చూసి అక్కడికక్కడే కోప్పడ్డారు. తర్వాతి బుధవారం ఒక్క చీటీ తిరగబడలేదు, అంతా బాగానే ఉందన్నారు అందరూ. నాకు ఒళ్లు చల్లబడింది. ఆయన్ని విడిగా కలిసి రెండు వారాల చార్టులు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన ఆ మర్నాడు పొద్దున్నే సైట్‌కి వెళ్లి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌తో "మొన్న నేను అలా అరవకుండా ఉండాల్సింది, నీకు ఏం రాలేదో చెప్పు" అన్నారు. కేబుల్ ట్రేలు రాలేదు. మధ్యాహ్నానికి పర్చేజ్ వాళ్లు ఫోన్ మీదున్నారు.

పోయిన శుక్రవారం రెండో అంతస్తు స్లాబ్. ముందు రోజు సాయంత్రం నాలుగున్నరకి అదే ప్లంబింగ్ మేస్త్రీ ఒక బాత్‌రూమ్ దగ్గర స్లీవు ప్రింటుతో కలవడం లేదని చెప్పాడు. సూపర్‌వైజర్ ఈసారి నాకు ఫోన్ చేశాడు, కన్సల్టెంట్‌ని వీడియో కాల్లో పెట్టి చూపించాం. ప్రింటు సరైనదే, స్లీవు పెట్టడంలో మా కుర్రాడు నాలుగంగుళాలు జరిపాడు. నలభై నిమిషాల్లో సరిచేశాం. శుక్రవారం ఆరింటికి కాంక్రీటు మొదలైంది.

గుంటూరులో మాత్రం కదలిక లేదు. అక్కడి ప్రాజెక్ట్ మేనేజర్ చాలా సీనియర్, పని తెలిసినవారు, "మేస్త్రీలతో కూర్చుని ప్లానింగేంటి" అంటున్నారు. పైనుంచి ఆర్డరు వేయించి చేయించాలా, ఆగాలా?

కోకాపేట_సైట్:

ఆర్డరు వద్దన్నా. ఆర్డరు వేస్తే చీటీలు అంటిస్తారు, వాటి మీద 80లు రాస్తారు. ఆయన్ని ఒక బుధవారం మంగళగిరికి రమ్మనండి, చూడటానికి అని కాకుండా, ఆయన అనుభవంతో ఒక పనిలో చిక్కు తీయడానికి పిలవండి. ఆయన సైట్లోనూ ఆ రాడ్ బెండింగ్ మేస్త్రీయే పనిచేస్తుంటే అతన్ని ఆయన పక్కనే కూర్చోబెట్టండి.